క్వారీ పచ్చబడాలంటే డిసెంబర్‌లోనే దిగాలి

వానలు తగ్గాక మొదలుపెడతాం. మేళ్లచెరువు, హుజూర్‌నగర్ సున్నపురాయి గనుల నుంచి పాలమూరు గ్రానైట్ గుట్టల దాకా, తవ్వి వదిలేసిన క్వారీని మళ్లీ పచ్చగా మార్చే సంగతి ఎత్తితే చాలు, ఇంజినీర్ల దగ్గర ఈ జవాబు సిద్ధంగా ఉంటుంది. దసరా దాటాక టెండర్ల మాట, సంక్రాంతికి బిల్లుల మాట, ఎండాకాలంలో కూలీలు దొరకడం లేదన్న మాట. ఇంతలో మళ్లీ మృగశిర వచ్చేస్తుంది.

ఇంజినీర్ల వాదనలో నిజం లేదని అనను. తడిసిన గట్లు జారతాయి, టిప్పర్లు దిగబడతాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో కోదాడ, హుజూర్‌నగర్ మీద కురిసిన వానకు నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకే గండి పడింది. అలాంటప్పుడు క్వారీలోకి పొక్లెయిన్‌ను ఎవరు దింపుతారు? దింపకూడదు కూడా. తడి నల్లరేగడిని గుప్పిట్లో పట్టి నొక్కండి, ముద్ద కడుతుంది. అదే మట్టి మీద టిప్పర్ నాలుగుసార్లు తిరిగితే లోపలి సందులన్నీ మూసుకుపోతాయి. ఎండాక గునపం కూడా దిగదు. ఇక గడ్డి వేరు ఎలా దిగుతుంది? కాబట్టి వానల్లో యంత్రాలు ఆపడం ముమ్మాటికీ సరైనదే. డిసెంబర్ నుంచి మే దాకా ఆ యంత్రాలు ఎక్కడున్నాయన్నదే నా ప్రశ్న.

రోహిణి కార్తెలోపు దుక్కి సిద్ధం చేసుకోని రైతు వానను తప్పుపట్టడు. క్వారీ పనికీ అదే క్యాలెండర్ వర్తిస్తుంది. గట్లను వాలుగా చెక్కడం, నీళ్లు పారే దారులు తీయడం, పక్కన పోసి ఉంచిన పైమట్టిని తెచ్చి పరచడం మే నెలాఖరుకే ముగియాలి. అప్పుడు తొలకరి వచ్చి మన చేతులతో అయ్యే పనికి పదింతలు చేసిపెడుతుంది. పైమట్టిలో గరిక వేళ్లుంటాయి, తంగేడు, తుమ్మ, రేగు గింజలు నిద్రపోతూ ఉంటాయి. వాటిని లేపడానికి ట్యాంకర్లు, డ్రిప్ పైపులు అక్కర్లేదు. వానే ఆ పని చేస్తుంది. దాని ముందు సిద్ధమైన నేల లేకపోవడం వల్లే మనం ఒక్కో ఏడాదీ పోగొట్టుకుంటున్నాం.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నిబంధనల ప్రకారం పైమట్టిని విడిగా తీసి దాచాలి, తవ్వకం సాగుతుండగానే దశలవారీగా నేలను బాగుచేయాలి. గని మూతకు హామీగా కట్టే సొమ్మును 2021 సవరణ పెద్ద గనులకు హెక్టారుకు 5 లక్షల రూపాయలకు పెంచింది. తవ్విన నేలలో మళ్లీ గడ్డి పెంచాలన్న షరతును లీజుల్లో పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కోర్టు అడిగింది గడ్డిని, పశువులు మేయగల మేతను. ఇది గమనించాలి.

ఎందుకంటే మన దగ్గర పచ్చదనం అనగానే మొక్కల లెక్క మొదలవుతుంది. 2015 జులైలో చిలుకూరులో హరితహారం మొదలైనప్పటి నుంచీ ఎన్ని గుంతలు తీశాం, ఎన్ని మొక్కలు నాటాం అన్నదే కొలమానమైపోయింది. ఆ ఊపులోనే కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును ఊరూరా నాటి, ఆ తర్వాత వద్దనుకున్నాం. నల్లగొండ, పాలమూరు నేలలు చాలావరకు దట్టమైన అడవుల నేలలు కావు. రాళ్లు, గడ్డి, ముళ్లపొదలు, అక్కడక్కడా మోదుగ, రేల... ఈ నేలకు అదే నిండుతనం. క్వారీలో నిటారుగా మిగిలిన రాతిగోడ మనకు గాయంలా కనిపిస్తుంది గానీ, అలాంటి గోడల అరుగుల మీదే కొండ గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. లకుముకి మట్టిగట్టుకు బొరియ తవ్వి పిల్లల్ని చేస్తుంది. అన్నిటినీ చదును చేసి వరుసల్లో మొక్కలు నాటితే ఫొటో బాగుంటుంది, పిట్ట మాత్రం రాదు. గురుగ్రామ్‌లో ఒకప్పుడు గనులు తవ్విన నేలే నేటి ఆరావళి జీవవైవిధ్య వనం. అక్కడ స్థానిక జాతులనే ఏరి పెంచారు. వన్యప్రాణి అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న ప్రాంతంగా 2022లో దానికి గుర్తింపు వచ్చింది.

ఆలస్యానికి ఇంకో మూల్యం కూడా ఉంది. వానాకాలంలో నిండిన క్వారీ గుంతల్లో ఈతకు దిగిన పిల్లలు చనిపోతున్నారు. నీళ్లు తాగడానికి దిగిన గొర్రెలు పైకి ఎక్కలేవు. కనీసం ఒక వైపైనా గుంతను వాలుగా చెక్కితే పిల్లాడు నడిచి బయటికి వస్తాడు, కొంగలు దిగడానికి లోతులేని నీటి అంచు కూడా ఏర్పడుతుంది. ఒక్క ఎండాకాలంలో అయ్యే పని ఇది.

డబ్బు లేదనడానికి వీల్లేదు. గనుల లీజుదారులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులు పెట్టాల్సిన ప్రాధాన్య పనుల్లో పర్యావరణ పరిరక్షణ ఉంది. కలెక్టర్లు ఈ వానాకాలంలోనే చేయదగ్గ పని ఒకటుంది: వాన పడుతుండగా సర్వేయర్‌ను, ఊళ్లో గొర్లు కాసే పెద్దమనిషిని ఒక్కో పాత క్వారీకి పంపాలి. నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో, మట్టి ఎక్కడ కోసుకుపోతోందో మ్యాపు మీద గీయించాలి. ఆ మ్యాపుతో అక్టోబర్‌లో టెండర్ పిలిస్తే డిసెంబర్ మొదటి వారానికి టిప్పర్ కదులుతుంది.