బొమ్మల సినిమాకు ఏ వయసు?

డిస్నీ సంస్థ 1994లో విడుదల చేసిన ‘ద లయన్ కింగ్’లో తండ్రి సింహాన్ని సొంత తమ్ముడే కొండ అంచు నుంచి పశువుల మంద కాళ్ల కిందికి తోసేస్తాడు. చిన్నారి సింబా తండ్రి శవాన్ని లేపడానికి ప్రయత్నిస్తాడు. ఆ చిత్రానికి అమెరికాలో ‘జి’ ముద్ర, అంటే ఏ వయసు వారైనా చూడదగినదన్న గుర్తింపు లభించింది. అదే సంస్థ అదే కథను 2019లో కంప్యూటర్ బొమ్మలతో తిరిగి తీస్తే, పిల్లలకు తగునో కాదో తల్లిదండ్రులే చూసుకోవాలని హెచ్చరించే ‘పీజీ’ ముద్ర పడింది. నిజమైన సింహాల్లా కనిపించే బొమ్మలు పసివారిని మరింత భయపెడతాయన్న వాదన కొంతవరకు సమంజసమే. అయితే ఈ పాతికేళ్లలో మారింది బొమ్మల తీరు ఒక్కటే కాదు, ఆ ముద్రలకున్న అర్థం కూడా.

అమెరికాలో ఇప్పటి వర్గీకరణ 1968 నవంబరు 1న మొదలైంది. అంతకుముందు దశాబ్దాల పాటు నిర్మాతల సంఘం అమలుచేసిన నియమావళిలో వయసుల ప్రసక్తే లేదు. సినిమా అందరికీ పనికిరావాలి, లేదా ఎవరికీ పనికిరాకూడదు. సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి దాన్ని పక్కనపెట్టి జి, ఎం (పరిణతి ఉన్నవారికి), ఆర్ (పిల్లలు పెద్దల వెంటే రావాలి), ఎక్స్ (పిల్లలకు ప్రవేశం లేదు) అనే నాలుగు తరగతులు తెచ్చారు. వీటిలో ‘ఎం’ జనానికి అర్థంకాక 1970లో ‘జీపీ’గా, 1972లో ‘పీజీ’గా మారింది. పదమూడేళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రులు మరింత జాగ్రత్తపడాలనే ‘పీజీ-13’ 1984లో చేరింది. ఇది చట్టం కాదు, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న ఏర్పాటు. ముద్ర వేసేవారు కూడా పిల్లలున్న మామూలు తల్లిదండ్రులే. ఈ పద్ధతి పుట్టకముందు వచ్చిన పాత డిస్నీ చిత్రాలు మళ్లీ విడుదలైనప్పుడు వాటికి ‘జి’ దక్కింది. 1940 నాటి ‘పినాకియో’లో పిల్లలు చుట్ట కాలుస్తారు, బీరు తాగుతారు, గాడిదలుగా మారిపోతారు. అదీ ‘జి’ చిత్రమే.

పాతకాలమంతా ఉదారమని దీనివల్ల అనుకోనక్కరలేదు. ‘స్నో వైట్’ 1938లో బ్రిటన్‌కు వెళ్లినప్పుడు అక్కడి సెన్సార్ బోర్డు ‘ఏ’ సర్టిఫికెట్ ఇచ్చి, పదహారేళ్లలోపు వారు పెద్దల వెంట వస్తేనే హాల్లోకి రానివ్వాలన్నది. మంత్రగత్తెను చూసి పిల్లలు జడుసుకుంటారని ఆనాడే ఆలోచించినవారున్నారు.

అమెరికాలో మాత్రం బొమ్మల సినిమా అంటే ‘జి’ అనే నమ్మకం చాలాకాలం నిలిచింది. డిస్నీ యానిమేషన్ చిత్రాల్లో తొలిసారి ‘పీజీ’ పడింది 1985లో వచ్చిన ‘ద బ్లాక్ కాల్డ్రన్’కు. భయం గొలిపే దృశ్యాలను విడుదలకు ముందే కత్తిరించినా ముద్ర తప్పలేదు, వసూళ్లూ రాలేదు. ఆ దెబ్బతో స్టూడియో మళ్లీ ‘జి’ నీడకే చేరింది. ఆ నీడ ఎంత విశాలమైనదంటే, ఒక న్యాయాధికారి కామంతో రగిలిపోతూ ఒక యువతిని మంటల్లో తగలబెడతానని పాడే 1996 నాటి ‘ద హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్’ కూడా అందులో ఇమిడిపోయింది. 2001లో మరో సంస్థ డ్రీమ్‌వర్క్స్ నుంచి ‘ష్రెక్’ వచ్చాక కథ తిరగబడింది. కాస్త మొరటు హాస్యానికి ‘పీజీ’ పొందిన ఆ చిత్రం కోట్లు గడించి, ఉత్తమ యానిమేషన్ చిత్రానికి ఇచ్చిన తొలి ఆస్కార్‌నూ అందుకుంది. బ్రిటన్ బోర్డు మాత్రం దానికి నిస్సంకోచంగా అందరూ చూడదగినదనే ‘యూ’ ఇచ్చింది. 2004లో యానిమేషన్ సంస్థ పిక్సార్ నుంచి మొదటి ‘పీజీ’ చిత్రం ‘ద ఇన్‌క్రెడిబుల్స్’ వచ్చింది, 2013లో డిస్నీ ‘ఫ్రోజెన్’కూ అదే ముద్ర పడింది. 2019లో ‘టాయ్ స్టోరీ 4’కు ‘జి’ రావడమే అరుదైన సంగతిగా కనిపించే స్థితి ఏర్పడింది. పదమూడేళ్ల బాలిక మనసులోని ఆందోళనను బొమ్మకట్టిన ‘ఇన్‌సైడ్ అవుట్ 2’కూ 2024లో ‘పీజీ’యే పడింది.

సినిమాలు ఒక్కసారిగా చెడిపోయినందువల్ల ఇలా జరగలేదు. పదేళ్ల పిల్లవాడికి ‘జి’ అంటే చంటిపిల్లల సినిమా అనే చులకన ఏర్పడింది. ‘పీజీ’ ఎవరినీ హాలు బయట నిలబెట్టదు కనుక ఆ ముద్ర పడితే నిర్మాతకు పోయేదేమీ లేదు, పైగా పెద్ద పిల్లలూ వస్తారు. ముద్ర వేసేవారి జాగ్రత్త కూడా పెరిగింది. పొగతాగే దృశ్యాలను సైతం లెక్కలోకి తీసుకుంటామని 2007లో ప్రకటించారు. ఆ కొలతతో చూస్తే పాత ‘పినాకియో’ ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఫలితంగా నాలుగేళ్ల పాపకు నిశ్చింతగా చూపగలిగే సినిమాకూ, పదకొండేళ్ల వారికే సరిపడే సినిమాకూ నేడు ఒకే ముద్ర పడుతోంది. అన్ని సీసాలకూ ఒకే చీటీ అంటించిన మందుల కొట్టులో తల్లిదండ్రులను నిలబెట్టి ఎంచుకోమన్నట్టుంది ఈ వ్యవహారం.

బ్రిటన్ పద్ధతి ఇంతకంటే మెరుగని మా అభిప్రాయం. కుందేళ్లు నెత్తురోడుతూ పోరాడుకునే ‘వాటర్‌షిప్ డౌన్’కు 1978లో అక్కడి బోర్డు ‘యూ’ ఇచ్చి, ఆ తర్వాత దశాబ్దాల పాటు తల్లిదండ్రుల ఫిర్యాదులు మోసింది. చివరకు 2022లో చిత్రాన్ని తిరిగి పరిశీలించి ‘పీజీ’కి మార్చింది. నటులు బొమ్మలతో కలిసి ఆడిపాడే 1964 నాటి ‘మేరీ పాపిన్స్’లో ఆఫ్రికా జాతివారిని కించపరిచే ఒక పాత మాట ఉన్నందుకు 2024లో దానికీ ‘పీజీ’ ముద్ర వేసింది. రెండో నిర్ణయం అతిగా తోచేవారు ఉండవచ్చు. కానీ ఆ బోర్డు నాలుగైదేళ్లకోసారి ప్రజాభిప్రాయం సేకరించి మార్గదర్శకాలు సవరిస్తుంది. 2024 సవరణకు ముందు సుమారు 12,000 మందిని అడిగింది. ఎందుకు మార్చిందో కూడా చెబుతుంది.

మన దేశంలో 1952 చట్టం కింద చాలాకాలం ‘యూ’, ‘ఏ’ అనే రెండే వర్గాలుండేవి. 1983లో ‘యూఏ’ వచ్చింది. పన్నెండేళ్లలోపు పిల్లలు తల్లిదండ్రుల మార్గదర్శకత్వంలో చూడాలని దాని భావం. ‘ద జంగిల్ బుక్’కు 2016లో ఇదే సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు, త్రీడీలో జంతువులు మీదికి దూకుతుంటే పిల్లలు భయపడతారని అప్పటి సెన్సార్ బోర్డు అధ్యక్షుడు పహ్లాజ్ నిహలానీ సమర్థించుకోగా, మోగ్లీ కథకు హెచ్చరికా అని దేశమంతా నవ్వుకుంది. నిజానికి అక్కడ లోపం బోర్డు జంకులో కన్నా ముద్రలో ఉంది. అయిదేళ్ల బిడ్డ భయపడవచ్చు, పదేళ్ల వాడు చప్పట్లు కొట్టవచ్చు. ఆ తేడా చెప్పే వీలు అప్పట్లో బోర్డుకు లేకపోయింది. అదే ఏడాది సెన్సార్ పద్ధతిని సమీక్షించిన దర్శకుడు శ్యామ్ బెనెగల్ కమిటీ ‘యూఏ’ను విభజించాలని సిఫార్సు చేసింది. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి యూఏ 7+, 13+, 16+ అనే మూడు మెట్లు ఏర్పాటుచేసింది. ఆలస్యంగానైనా ఇది సరైన నిర్ణయం. దీనివల్ల ఎక్కువ మేలు జరగవలసింది బొమ్మల సినిమాలకే. అయిదేళ్లకూ పన్నెండేళ్లకూ మధ్య పిల్లల మనసులో వచ్చే మార్పు ఆ తర్వాత ఏ ఏడేళ్లలోనూ రాదు.

అయితే సవరణలో ఒక చిక్కు మిగిలింది. పదేళ్లకే చెల్లే సర్టిఫికెట్‌ను అదే చట్టం శాశ్వతం చేసింది. నిర్మాతలకు ఇది ఊరటే కానీ, ‘వాటర్‌షిప్ డౌన్’ విషయంలో బ్రిటన్ చేసినట్టు పాత పిల్లల చిత్రాలను తిరిగి చూసే అలవాటు మన బోర్డుకు లేదు. కారణం చెప్పే అలవాటూ తక్కువే. ఓటీటీలు వయసుతో పాటు హింస, భాష వంటి కారణాలనూ చూపించాలని 2021 నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అదే చిత్రానికి సినిమా హాలు టికెట్ కొనేచోట సాధారణంగా అంకె తప్ప మరేమీ కనిపించదు.

తెలుగు పిల్లలు ఈ చిత్రాలను ఎక్కువగా చూసేది డబ్బింగ్‌లోనే. 2019 ‘లయన్ కింగ్’లో సింబాకు నాని, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు అరువిచ్చారు. అలాంటప్పుడు హాస్యం కూడా ఇక్కడిదే అవుతుంది. మూలంలో లేని మాట తెలుగులో చేరవచ్చు. డబ్బింగ్ చిత్రానికీ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఆ తెలుగు సంభాషణలను విని, 7+ అయినా 13+ అయినా ఎందుకిచ్చిందో ఒక్క తెలుగు వాక్యంలో పోస్టరు మీద, టికెట్ యాప్‌లో కనిపించేలా నిబంధన తేవాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. ఏ హెచ్చరికా అక్కరలేని సినిమాకు బోర్డు వెనుకాడకుండా ‘యూ’ ఇవ్వాలి, నిర్మాతలు దాన్ని చిన్నతనంగా భావించకూడదు.