మా ఫేస్‌బుక్ పేజీ పాస్‌వర్డ్ గారికి

మహారాజశ్రీ పాస్‌వర్డ్ గారి సముఖానికి, రక్తదాతల సంఘంలో పదకొండేళ్లుగా రిజిస్టర్లు రాస్తున్న గుమాస్తా నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరి నివాసం నాకు తెలుసు. సెక్రటరీ గారికి బ్యాంకు వాళ్లిచ్చిన డైరీలో, చివరి పేజీలో, పాల లెక్క కింద పెన్సిల్‌తో రాసి ఉంటారు. డైరీ ఇనప బీరువాలో ఉంటుంది. బీరువా తాళం ట్రెజరర్ గారి స్కూటర్ తాళాల గుత్తిలో ఉంటుంది. నిజాం నగలకైనా ఇంత కాపలా ఉందో లేదో.

కాలంతో పాటు మారాలని మేం 2017లో తీర్మానించాం. ఆ ఏడాది అక్టోబరు 1న, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, రక్తదాతలు పేరు నమోదు చేసుకునే వీలు ఫేస్‌బుక్కే మన దేశంలో మొదలుపెట్టింది. రక్తం కావాలని ఎవరైనా అడిగితే చుట్టుపక్కల దాతలకు కబురు వెళ్లేలా ఏర్పాటు చేసింది. అది పేపర్లో చదివి ప్రెసిడెంట్ గారు ఆవేశపడ్డారు. పేజీ పెట్టారు, టీ, సమోసా ఇచ్చారు. ఆ వెంటనే ఇంకో తీర్మానం కూడా చేశారు: చెక్కు మీద రెండు సంతకాలున్నట్టే పోస్టుకీ రెండు సంతకాలు ఉండాలి. కాబట్టి నేను పోస్టును తెల్లకాగితం మీద రాసి ఫైల్లో పెట్టి పంపుతాను.

అన్నట్టు, మీ అన్నగారు కులాసానా? అదే, ఆ మొదటి పేజీ పాస్‌వర్డ్. పోయిన ఎన్నికల్లో ఓడిన వర్గంతో పాటే ఆయనా వెళ్లిపోయారు. రెండు వేల పైచిలుకు ఫాలోవర్లు కూడా వాళ్ల వెంటే పోయారు. మాకు మీరు, మీతో పాటు నూట నలభై ఆరు మంది మిగిలారు. అందులో సగం కమిటీ వాళ్ల బంధువులే. శాలువా కప్పిన ఫొటో పెడితే డాలస్ నుంచి అల్లుళ్లు లైకులు కొడతారు. పాపం, వాళ్లు అక్కణ్నుంచి వచ్చి రక్తం ఇవ్వలేరు కదా.

గతేడాది వానాకాలం గుర్తుందా? ఒక పెద్దాయనకు డెంగీ. ప్లేట్‌లెట్లు కావాలని ఆయన కొడుకు సోమవారం వచ్చాడు. ప్లేట్‌లెట్లు తీసి పెట్టినా ఐదు రోజులకు మించి నిలవుండవు, అప్పటికప్పుడు దాత దొరకాల్సిందే. నేను కాగితం రాశాను. సెక్రటరీ గారు తిరుపతిలో, తాళం మనవడి అన్నప్రాశనలో. గురువారానికి ఫైలు ప్రెసిడెంట్ గారి దగ్గరికి చేరింది. ఆయన 'కావాలి' కొట్టేసి 'కావలెను' అని దిద్దారు. ఆ మరుసటి సోమవారం తమరు దయచేశారు, 'అత్యవసరం' అన్న పోస్టు వెలిసింది. చూసి ముగ్గురు దాతలు ఫోన్ చేశారు. 'నాన్న ఇంటికొచ్చేసి పెరుగన్నం తింటున్నారండీ' అన్నాడట కొడుకు.

ఆయనకు దాతను వెతికిపెట్టింది మా దగ్గరికి శనివారాలు వచ్చే కాలేజీ అమ్మాయి. సోమవారం సాయంత్రమే తన వాట్సాప్ స్టేటస్‌లో నాలుగు ముక్కలు రాసింది: ఏ గ్రూపు, ఏ ఆసుపత్రి, ఎవరికి ఫోన్ చేయాలి, ఈ రోజు తేదీ. నలభై నిమిషాల్లో ఒక కుర్రాడు బైకు మీద వచ్చేశాడు. కమిటీ ఆ పిల్లను పిలిపించి, సంఘం లెటర్‌హెడ్ లేకుండా రక్తం ఎలా అడిగావని సంజాయిషీ కోరింది. ఆ అమ్మాయి మానేసి, స్నేహితులతో సొంతంగా గ్రూపు నడుపుకుంటోంది. ఎవరికైనా అర్జంటు అయితే మా సెక్రటరీ గారు కూడా వరండాలోకి వెళ్లి ఆమెకే ఫోన్ చేస్తారు. ఇది తమరి చెవిన పడకూడదని గొంతు తగ్గిస్తారు.

ఇక అసలు సంగతి. మొన్న మిమ్మల్ని మూడుసార్లు తప్పు కొట్టాం. డైరీలో ఉన్నది సున్నానా, ఇంగ్లీషు 'ఓ'నా అని కమిటీలో గంటసేపు చర్చ జరిగింది. చివరికి ఓటీపీ పంపమన్నాం. అది వెళ్లేది పేజీ తెరిచిన కుర్రాడి నంబరుకు. వాడు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లి, ఆ సిమ్ వదిలేసి చాలా కాలమైంది. ఆ నంబరు ఇప్పుడు ఎవరో కోళ్లఫారం ఆయనది. నాలుగోసారి చేసేసరికి ఆయన నా గొంతు గుర్తుపట్టేశాడు.

'రక్తం వాళ్లేనా? ఉండండి, కళ్లజోడు పెట్టుకోనివ్వండి... రాసుకోండి' అని ఆరంకెలూ చెప్పి, కాసేపు ఆగాడు. వెనక కోళ్ల గోల.

'ఇంతకీ మీకు ఏ గ్రూపు కావాలండీ? నాది ఓ నెగెటివ్. ఇచ్చి నాలుగు నెలలైంది.'

మగవాళ్లకు తొంభై రోజుల ఎడం చాలు. లాంగ్ నోట్‌బుక్ తీసి, ఆయన పేరూ ఊరూ రాసుకున్నాను. ఆయన సంగతి కమిటీకి ఇంకా చెప్పలేదు. చెబితే పిలిచి శాలువా కప్పుతారు, ఆ ఫొటో పెట్టడానికి మళ్లీ తమరే కావాలి.

ఇట్లు,
గుమాస్తా