నొక్కితే సున్నా

మొన్నటి మన సంఘం వార్షికోత్సవంలో బాలల సాంకేతిక ప్రదర్శనకు న్యాయనిర్ణేతలుగా కూర్చున్న ముగ్గురిలో నేనొకదాన్ని. ఆ పూట ఎలా గడుస్తుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కర్లేదు. సభ గంటన్నర ఆలస్యంగా మొదలవుతుంది, నృత్యాలు అనుకున్న సమయాన్ని దాటిపోతాయి, ఆ కోతంతా ప్రదర్శన బల్లల మీద పడి ఒక్కో బిడ్డకు నాలుగు నిమిషాలు మిగులుతాయి. చేతిలో మార్కుల పట్టిక, పక్కన గడియారం చూపిస్తూ నిలబడే కార్యకర్త, వెనక ఫోన్లు ఎత్తిపట్టుకున్న తల్లిదండ్రులు. ఆ హడావుడిలో నేను చేసిన ఒక తప్పు గురించి, దాని వెంట పుట్టిన ఒక అభ్యర్థన గురించి ఈ వ్యాసం.

ఏడవ బల్ల దగ్గర పన్నెండేళ్ల అబ్బాయి ఒక పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్, అంటే చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న వీడియోగేమ్ కన్సోల్, పట్టుకుని నిలబడ్డాడు. చిన్న తెర మీద ఒక తెల్లని చతురస్రం, అడుగున ఒక పట్టీ ఉన్నాయి. చతురస్రం బంతి అనుకోవాలి. అది కిందికి వచ్చి పట్టీకి తగిలితే పైకి ఎగురుతుంది, తగలకపోతే ఆట మళ్లీ మొదలవుతుంది. స్కోరు లేదు, శబ్దం లేదు, పేరు కూడా లేదు. అంతా తానే సీ భాషలో రాశానని చెప్పాడు. ఇరవై ఏళ్లుగా డేటాబేసులతో పనిచేస్తున్నదాన్ని కనుక అడగవలసిన ప్రశ్న నాకు బాగా తెలుసుననుకుని, బటన్ నొక్కిన సంగతి నీ ప్రోగ్రాముకు ఎలా తెలుస్తుందని అడిగాను. "నొక్కకపోతే ఒకటి ఉంటుంది ఆంటీ, నొక్కితే సున్నా అవుతుంది" అన్నాడు. తిరగేసి చెబుతున్నావేమో, ఒకసారి ఆలోచించుకో అన్నాను. ఆలోచించుకుని మళ్లీ అదే మాట చెప్పాడు, ఈసారి గొంతు తగ్గించి. విషయ అవగాహన అనే గడిలో పదికి నాలుగు వేసి పక్క బల్లకు నడిచాను.

మొదటి బహుమతి, ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పే ఒక అందమైన యాప్‌కు వెళ్లింది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టడం లేదు, చక్కగా మాట్లాడింది, తెరలన్నీ ముచ్చటగా ఉన్నాయి. నన్ను కుదిపింది బహుమతి కాదు. సభ ముగిశాక కోట్లు తీసుకునే వరుసలో నా ముందు ఆ అబ్బాయి, అతని తండ్రి ఉన్నారు. "చెప్పానా, ఆ పాత బొమ్మ పట్టుకెళ్లొద్దని" అన్నాడాయన, కోపంగా కూడా కాదు, అలసటగా. అబ్బాయి ఏమీ అనలేదు. కన్సోల్ స్విచ్ ఆపి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మాట ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. అబ్బాయి చెప్పింది తప్పని నిరూపించుకుంటేనైనా మనసు కుదుటపడుతుందనుకుని ఆ రాత్రే మొదలుపెట్టాను. కంప్యూటరులోనే ఆ కన్సోల్‌ను అనుకరించే ఎంజీబీఏ అనే ఎమ్యులేటర్ పెట్టుకున్నాను, సీ భాషను ఆ కన్సోల్‌లోని ఏఆర్‌ఎం7 ప్రాసెసర్ అర్థం చేసుకునే రూపంలోకి మార్చే డెవ్‌కిట్‌ఏఆర్‌ఎం తెచ్చుకున్నాను. 2001లో వచ్చిన యంత్రమది. వేగం 16.78 మెగాహెర్ట్జ్, తెర అడ్డంగా 240 చుక్కలు, నిలువుగా 160. తెర కోసం కేటాయించిన జ్ఞాపకశక్తి (మెమరీ) 96 కిలోబైట్లు, అంటే ఈ రోజు మన ఫోను తీసే ఒక్క ఫోటో అందులో పట్టదు. ఉద్యోగంలో కోట్ల వరుసలున్న పట్టికలను నడిపించే నాకు ఇది ఒక సాయంత్రం పని అనిపించింది. మూడు వారాలు పట్టింది.

మొదటి రాత్రి తెర మధ్యన ఒక ఎర్ర చుక్క పెట్టగలిగాను. అక్కడ కిటికీలు, మెనూలు గీసిపెట్టేవారెవరూ ఉండరు, మన ప్రోగ్రాముకూ తెరకూ నడుమ మరో ప్రోగ్రాము ఉండదు. మెమరీలో రిజిస్టర్ అనే ఒక నిర్ణీత చిరునామాలో హెక్సాడెసిమల్ (పదహారు అంకెల లెక్క) 0403 అని రాస్తే మోడ్ 3 అనే చిత్రపద్ధతి మొదలవుతుంది, ఆపైన తెర అంటే వరుసగా పేర్చిన 38,400 గడులు మాత్రమే. నడిమి చుక్క కావాలంటే 80వ వరుసను 240తో హెచ్చవేసి 120 కలపాలి, వచ్చిన 19,320 అనే గడిలో 31 అని రాస్తే అక్కడ ఎరుపు వెలుగుతుంది. 992 రాస్తే ఆకుపచ్చ, 31,744 రాస్తే నీలం. పొరపాటున అడ్డం కొలత 250 అని ఇచ్చినప్పుడు చుక్క తెర దాటి మాయమవుతుందనుకున్నాను, కానీ అది కింది వరుసలో ఎడమవైపు పదో స్థానంలో తేలింది. తెర అనేది మడతలు పెట్టిన ఒకే ఒక పొడవాటి గీత అన్న సంగతి ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నాకు ఎవరూ చూపించలేదు, నేనూ అడగలేదు.

తరువాత చుక్కను ఎనిమిదికి ఎనిమిది చతురస్రంగా చేసి కదిలించబోయాను. కన్నార్పేలోగా తెరకు అడ్డంగా తెల్లని పట్టీ పరుచుకుంది. రెండు తప్పులు ఒకేసారి జరిగాయి: పాత చోట చెరపలేదు, కొత్త చోటికి వెళ్లే ముందు ఆగలేదు. ఆ కన్సోల్ తెరను సెకనుకు దాదాపు 60 సార్లు పైనుంచి కిందికి గీస్తుంది, 160 వరుసలు గీశాక మరో 68 వరుసలకు పట్టేంత కాలం ఏమీ గీయకుండా విరామం తీసుకుంటుంది. ఆ విరామం సుమారు 5 మిల్లీసెకన్లు. మార్పులన్నీ ఆ కాస్త వ్యవధిలో ముగిస్తే బొమ్మ నిలకడగా ఉంటుంది. నేను తెలివిగా మొత్తం 38,400 గడులనూ ప్రతిసారీ నలుపు చేయబోయాను, పని విరామం దాటిపోయి తెర మినుకుమినుకుమంది. పాత చతురస్రం ఉన్న 64 గడులు మాత్రమే చెరిపితే చాలని తట్టడానికి రెండు రాత్రులు పట్టింది. తట్టిన క్షణంలో పక్క గదిలో నిద్రపోతున్నవాళ్లను లేపాలనిపించింది. లేపలేదు, ఈ వయసులో చతురస్రం కదిలిందని చెబితే ఏమనుకుంటారోనని.

ఇక బటన్ల దగ్గరికి వచ్చాను. పది బటన్ల స్థితి ఒకే అంకెలో పది బిట్లుగా, అంటే ఒక్కో బటనుకు ఒకటో సున్నానో చొప్పున, వస్తుంది. కుడి బిట్ ఒకటి అయితే కుడికి జరుపు, ఎడమ బిట్ ఒకటి అయితే ఎడమకు జరుపు అని నాకు తోచినట్టు రాశాను. ఏమీ నొక్కకపోతే చతురస్రం కదలలేదు, కనుక సరిగానే ఉందనుకున్నాను. కుడి నొక్కాను, ఎడమకు వెళ్లింది. ఎడమ నొక్కాను, కుడికి వెళ్లింది. అడ్డం కొలతను ఎక్కడో తలకిందులు చేశానేమోనని గంటసేపు వెతికి, చివరికి ఆ అంకెనే తెర మీద గీతలుగా చూపించే చిన్న ముక్క రాసి చూశాను. ఏ బటనూ నొక్కనప్పుడు అందులో 1023 ఉంది, అంటే పది బిట్లూ ఒకట్లే. నొక్కితే ఆ బటన్ బిట్ సున్నా అవుతోంది. మామూలుగా ఉన్నప్పుడు ఆ తీగ మీద వోల్టేజి నిలిచి ఉంటుంది, బటన్ దాన్ని గ్రౌండుకు, అంటే సున్నా వోల్టేజికి, కలుపుతుంది. నా ప్రోగ్రాములో ఏమీ నొక్కనప్పుడు కుడికి ఒక అడుగు, ఎడమకు ఒక అడుగు పడి రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయి, కుడి నొక్కగానే కుడి అడుగు ఆగిపోయి ఎడమ అడుగు మాత్రమే మిగులుతోంది.

నేను నాలుగు మార్కులు వేసింది ఈ సంగతికి.

ఈ కథ చెప్పినప్పుడు మన మిత్రులలో కొందరు నాతో వాదించారు. ఇరవై ఏళ్లు దాటిన యంత్రం మీద నేర్చుకున్నది ఏ ఉద్యోగానికి పనికివస్తుంది, ఆ సమయంలో పైథాన్ భాష నేర్చుకోకూడదా, అసలు ప్రోగ్రాములే యంత్రాలు రాసిపెడుతున్న రోజుల్లో ఒక చతురస్రం కోసం మూడు వారాలేమిటి అన్నారు. ఇందులో నిజం లేదని అనను. ఎనిమిదేళ్ల పిల్లకు రిజిస్టర్లు, బిట్లు అప్పగిస్తే రెండో రోజే పారిపోతుంది. అలాంటివారికి దిమ్మెలు పేర్చినట్టు ఆటను పేర్చే మేక్‌కోడ్ ఆర్కేడ్ ఉంది, దాని తెర 160 చుక్కల వెడల్పు, 120 ఎత్తు, 16 రంగులు, తయారైన ఆటను చేతిలో పట్టే చిన్న పరికరాల్లోకి ఎక్కించుకోవచ్చు. కోడ్ రాయకుండా పాత గేమ్‌బాయ్‌కి ఆటలు చేసే జీబీ స్టూడియో 2019 నుంచి ఉంది. 2022లో వచ్చిన ప్లేడేట్ అనే చేతి కన్సోల్ అయితే నలుపు తెలుపు తెరతో, పక్కన తిప్పే చిన్న మరతో, లువా అనే సులువైన భాషతో మొదలుపెట్టేవారిని పిలుస్తోంది. ఏ దారిలో వెళ్లినా నాకు అభ్యంతరం లేదు. ఇవన్నీ కావాలని చిన్నవిగా ఉన్నాయి, అందుకే ఒక కొత్తవాడు ఆటను మొదలుపెట్టి ముగించగలడు, ముగించినదాన్ని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా తన మాటల్లో చెప్పగలడు. ఆ అబ్బాయి చెప్పగలిగాడు. ఆ రోజు మిగతా పదకొండు బల్లల దగ్గర, నేను సరిగా అడిగి ఉంటే, ఎందరు చెప్పగలిగేవారో అనుమానమే.

మన ఇళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ప్రదర్శనకు ముందు రాత్రి పిల్లల పనిని ఎవరు పూర్తి చేస్తారో మనలో అందరికీ తెలుసు, నేనూ చేశాను. మా అమ్మాయి మూడేళ్ల కిందట గెలిచిన జ్ఞాపిక మా హాల్లో ఉంది, అందులో సగం నాది. బిడ్డ తడబడటం పదిమందిలో చూడలేకపోతాం, అది ప్రేమేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. అయితే కుడి నొక్కితే ఎడమకు పోయే ఆ గంటను మనం పిల్లల చేతుల్లోంచి లాక్కుంటున్నాం. "ఇది ఎన్ని డౌన్‌లోడ్లు అయింది" అని పన్నెండేళ్లవాడిని అడిగే మనం, "ఇందులో నీకు ఎక్కువ ఏడుపు తెప్పించింది ఏది" అని అడగం. రెండో ప్రశ్నకు సొంతంగా చేసినవాడు అరగంట మాట్లాడతాడు.

కార్యవర్గానికి నా విన్నపం పెద్దదేమీ కాదు. వచ్చే ఏడాది ప్రదర్శనలో కొత్తగా నేర్చుకుంటున్నవారికి, వయసు పరిమితి లేకుండా, బహుమతి లేని ఒక బల్ల వేయండి. అక్కడ స్లైడ్లు వద్దు, పరికరం చేతికిచ్చి ఆడమనాలి, పక్కన కోడ్ తెరిచి ఉంచాలి. మార్కుల పట్టికలో "వాణిజ్య అవకాశం" అనే గడిని పన్నెండేళ్ల పిల్లలకైనా తీసేయండి. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కాక పది ఇవ్వండి, నృత్యాల వాళ్లు నన్ను క్షమించాలి. న్యాయనిర్ణేతలుగా పిలిచే మాలాంటివాళ్లను ముందుగా ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఏదో ఒక చిన్న కన్సోల్ మీద ఒక చతురస్రాన్ని కదిలించమనండి. ఎవరూ ముందుకు రాకపోతే నేర్పడానికి నేను వస్తాను, నాకు తెలిసింది అంతవరకే కనుక త్వరగానే అయిపోతుంది. నా మార్కులను సవరించమని రాసిన ఉత్తరానికి, ఫలితాలు ప్రకటించాక మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవని మర్యాదగా జవాబు వచ్చింది. అది న్యాయమే.

అందుకని పోయిన ఆదివారం ఆ అబ్బాయి వాళ్ల ఇంటికి ఫోన్ చేసి, నా ప్రోగ్రాము కార్ట్రిడ్జిలోకి ఎక్కించుకుని వెళ్లాను. తండ్రి తలుపు తీసి, ఎందుకొచ్చానో తెలిసినా తెలియనట్టే లోపలికి రమ్మన్నాడు. నువ్వు చెప్పిందే సరి, నాదే తప్పు అని ఆయన ముందే అబ్బాయితో అన్నాను. అబ్బాయి సిగ్గుపడి, కన్సోల్ తీసుకుని నా ఆట ఆడాడు. నాదీ బంతి, పట్టీయే. ఒక నిమిషంలోపే బంతిని పట్టీ పక్క అంచుకు తగిలించాడు, అది పట్టీలో ఇరుక్కుని అక్కడే వణుకుతూ ఉండిపోయింది. తగిలిన ప్రతిసారీ దిశను తిప్పమని రాశాను కదా, లోపల ఉన్నంతసేపూ తిప్పుతూనే ఉంది. అతను తల ఎత్తకుండానే అన్నాడు: "నాదీ ఫస్ట్ అలాగే ఇరుక్కుంది ఆంటీ. దిశ తిప్పొద్దు. తగిలితే పైకి పో అని చెప్పండి, అంతే."