స్వేచ్ఛా పితామహుడి జావకుండ

ప్రజాస్వామ్యం మీద ఉపన్యాసం అనగానే వక్తలు ముందుగా 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్‌కు దండం పెడతారు. మనిషి పుట్టుకతోనే స్వతంత్రుడు, పాలకుడి అధికారం ప్రజల సమ్మతితో వచ్చిందే అంటారు. చప్పట్లు. సరే, నేనూ పెడతాను. కాకపోతే నా దండం ఆయన జావకుండకు.

1697లో లాక్ గారు ఇంగ్లండ్ వాణిజ్య మండలి సభ్యులు. జీతం ఏడాదికి 1,000 పౌండ్లు. పేదలు పెరగడానికి కారణం క్రమశిక్షణ సడలి నడవడి చెడడమేనని ఆయన తేల్చారు. మందు కూడా రాసిచ్చారు: 3 ఏళ్లు దాటిన పేదల పిల్లలను పనిబడుల్లో చేర్చి ఉన్ని వడికించాలి. తిండికి రొట్టె. చలికాలంలో, అవసరమనిపిస్తే, కాస్త పలుచని వేడి జావ. దానికి వేరే ఖర్చు కూడా లేదు, గది వెచ్చబరిచే మంట మీదే కుండ పెట్టేయవచ్చట!

ఎంత పొదుపు! మానవ జ్ఞానానికి హద్దులు గీసిన మేధావి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కట్టెలు లెక్కపెడుతున్న దృశ్యం నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. అవసరమంటే ఎంత చలి? ముక్కు కారితే చాలా, వేళ్లు కొంకర్లు పోవాలా? తీర్మానం ఎవరు చేయాలి? మూడేళ్లవాడికి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టడానికి వేళ్లు వంగవు. దారం తీయడానికి మాత్రం చక్కగా వంగుతాయి.

ఊరు దాటి అడుక్కుంటూ దొరికిన 14 ఏళ్లలోపు పిల్లలకైతే పనిబడిలో గట్టిగా కొరడా దెబ్బలు. తర్వాత సాయంత్రం దాకా పని. రాత్రికి ఇల్లు చేరేలా వదలాలట. ఎంత దయ!

‘కాలమే అలాంటిది’ అని సర్దిచెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బానిసత్వం నీచమైనదని తన ప్రభుత్వ సిద్ధాంత గ్రంథం మొదటి వాక్యంలోనే రాసింది ఎవరు? ఆయనే కదా! తెలియక చేస్తే కాలం తప్పు. తెలిసి చేస్తే? నీగ్రో బానిసల మీద యజమానికి సంపూర్ణాధికారం ఇచ్చిన 1669 నాటి కరోలినా (అమెరికాలోని ఇంగ్లిష్ వలస) రాజ్యాంగం ముసాయిదాలో ఆయన చేయి ఉంది. బానిసలను ఓడలకెక్కించిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలూ ఉన్నాయి. ఆ ఓడల్లో గొలుసులకు కట్టిన మనుషుల సమ్మతి ఎవరు అడిగారు?

అన్నట్టు, పనిబడుల పథకం చట్టం కాలేదు. కుండ పొయ్యెక్కలేదు. లాక్ గారి కొలువు మాత్రం 1700 దాకా సాగింది.