పురిటి నెలల్లోనూ కిస్తీ ఆగదా?

కరువొస్తే పంట రుణం గడువు పెంచుతారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలల పాటు కిస్తీలు వాయిదా వేసుకునే వెసులుబాటును రిజర్వు బ్యాంకే ఇచ్చింది. మరి మొగుడి తోడు లేని ఆడపిల్ల నిండు నెలలతో కూలికి పోలేక ఇంట్లో కూర్చుంటే ఆమె వారం కిస్తీ ఎందుకు ఆగదు? కరువు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కాన్పు తేదీని మాత్రం నర్సమ్మ నెలల ముందే కార్డు మీద రాసిస్తుంది. ఇంత ముందుగా తెలిసే కష్టానికి మన అప్పుల లెక్కల్లో చోటే లేదు.

ఒంగోలు చుట్టుపక్కల, టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్‌కు పోయే ఆడవాళ్లను చూడండి. నెల్లూరు తీరంలో రొయ్యల ప్లాంట్లలో ఐసు నీళ్ల మధ్య గంటల తరబడి నిలబడి తలలు తీసేవాళ్లను చూడండి. పనికి పోయిన రోజే కూలి. కడుపుతో ఉన్న మనిషి పొగాకు ఘాటుకు మూడో నెలలోనే వాంతులతో కూలబడుతుంది. అంటే రాబడి ఆగేది తొమ్మిదో నెలలో కాదు, అంతకు చాలా ముందే. అప్పులు మాత్రం మూడు దిక్కుల నుంచి కదులుతూనే ఉంటాయి: మైక్రోఫైనాన్స్ కంపెనీ ఆడవాళ్లను జట్టు కట్టి వారం వారం కిస్తీకి అప్పిచ్చే వారం గ్రూపు, డ్వాక్రా సంఘం, తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. భర్త పోయాడా, వదిలేశాడా, పెళ్లి చేసుకుంటానని చెప్పి మాయమయ్యాడా అన్నది నాకు అనవసరం. అప్పిచ్చేటప్పుడు అడగని ఆరా కట్టలేనప్పుడు ఎందుకు?

వారం గ్రూపు నడిచే తీరే ఈమెకు ఉరి. ఒకరు కట్టకపోతే మిగతా వాళ్లు తలా కొంత వేసుకోవాలి. అందుకే వసూలుకొచ్చే కుర్రాడు గొంతు పెంచనక్కర్లేదు, ఆ పని పక్కింటామె చేస్తుంది. "నీ పాపానికి మేమెందుకు కట్టాలమ్మే?" అన్న మాట గుమ్మంలో పడుతుంది. తాకట్టు లేని అప్పని పేరేగానీ తాకట్టులో ఉన్నది పరువు. ఊరు అప్పటికే ఆ పరువు తీసేసిన మనిషి దగ్గర ఇంకేం జప్తు చేస్తారు? గ్యాసు బండ, మిక్సీ, చెవి కమ్మలు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన మైక్రోఫైనాన్స్ నియమాల ప్రకారం ఇంటి నెల రాబడిలో కిస్తీలన్నీ కలిపి సగం దాటకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, బంధువుల్ని వేధించడం నేరుగా నిషేధం. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూసినా ఫలితం లేకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, పైసా ఖర్చు లేదు. కానీ రాబడి లెక్కేసేది అప్పిచ్చిన రోజున. ఆ రోజు కూలి ఉంది. కూలి సున్నా అయిన రోజున ఆ సగం లెక్క మళ్లీ ఎవరు వేస్తున్నారు? నా గొడవంతా ఇక్కడే.

ప్రభుత్వ సాయం సంగతి చూద్దాం. మాతృ వందన పథకం కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతల్లో వస్తాయి. ఒకప్పుడు భర్త ఆధార్ అడిగేవారు. ఇప్పుడు అది తప్పనిసరి కాదు. ఈ ముక్క గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "మీ ఆయన కార్డేదీ?" అన్న ఒక్క ప్రశ్నతోనే వెనక్కి తిరిగిపోయే అమ్మాయిలు ఉంటారు. రెండో విడతకు బిడ్డ జనన నమోదు కావాలి. తండ్రి పేరు చెప్పకపోయినా పెళ్లికాని తల్లి ప్రమాణపత్రం మీద జనన ధ్రువీకరణ పత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. సర్కారు ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషనైనా సరే, మందులు, రక్తం, తిండి అన్నీ ఉచితమని 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం ఉంది. తీసుకెళ్లడానికి 108, ఇంటికి దించడానికి 102. కాబట్టి కాన్పు ఖర్చని మూడు రూపాయల వడ్డీకి కొత్త అప్పు చేయొద్దు తల్లీ. తండ్రి నుంచి పోషణ ఖర్చు ఇప్పించే మనోవర్తి చట్టం పెళ్లితో పుట్టిన బిడ్డకూ, పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ ఒకటే. నెల్లూరైనా ఒంగోలైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ 15100.

ఇన్ని ఉన్నా, వితంతు పింఛను వచ్చేవాళ్లను పక్కన పెడితే, చేతికి నెలనెలా వచ్చే రూపాయి లేదు. ఒంటరి మహిళ పింఛనుందిగా అంటారు. బిడ్డను కనే వయసులో ఉన్న ఇరవై, పాతికేళ్ల పిల్లను ఆ పింఛను వయసు నిబంధన దరిదాపులకు రానివ్వదు. 26 వారాల ప్రసూతి సెలవు చట్టంలో పెళ్లి ఊసే లేదు, నిజమే. మేస్త్రీ కింద రోజు కూలికి పోయేదానికి ఆ సెలవు ఎవరిస్తారు?

కిస్తీ ఆపితే అందరూ కడుపు చూపిస్తారని, క్రమశిక్షణ చెడిపోతుందని బ్యాంకోళ్లు అంటారు. తప్పు చేసినవాళ్లను నెత్తిన పెట్టుకున్నట్టేనని ఊరి పెద్దలంటారు. మొదటి మాటకు జవాబు ఆసుపత్రి కార్డే. ఆరు నెలల వాయిదా కోసం తొమ్మిది నెలలు మోసే ఆడదాన్ని నేనింతవరకు చూళ్లేదు. రెండో మాట అనేవాళ్లు ఆ మగవాణ్ణి ఒక్కరోజైనా రచ్చబండ దగ్గర నిలబెట్టారా?

ఇక నా అసలు బాధ చెబుతాను. నెల్లూరు మామూలు జిల్లా కాదు. కలిగిరి మండలం దూబగుంటలో 1992లో రోశమ్మతో పాటు ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అక్షర దీపం తరగతుల్లో అక్షరాలు దిద్దిన చేతులే ఆ పని చేశాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయిని దాచుకుందామని రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టిందీ ఈ ఆడవాళ్లే. సంఘం అంటే ఒకరి గుమ్మం ముందు పదిమంది అండగా నిలబడటం అని నేర్పిన నేల ఇది. అదే సంఘం ఇవాళ బ్యాంకు తరఫున వసూళ్ల ఏజెంటుగా మారి, అదే పదిమందీ ఒక నిండు చూలాలి గుమ్మం ముందు కిస్తీ కోసం కూర్చుంటున్నారు. మైక్రోఫైనాన్స్ కంపెనీల వేధింపులు భరించలేక 2010లో ఆర్డినెన్సు తెచ్చిన రాష్ట్రంలో ఆ కంపెనీల పద్ధతే మన సంఘాల్లోకి పాకింది. దీన్ని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

ఇందుకు పై నుంచి జీవో రానక్కర్లేదు. సంఘానికి సొంత పొదుపుంది, ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యకు నిధి ఉంది, తీర్మానాల పుస్తకం ఉంది. వచ్చే నెల మీటింగులో లీడరమ్మ ఆ పుస్తకం తెరిచి ఇంత రాస్తే చాలు: "మన సంఘంలో ఒంటరిగా ఉన్న గర్భిణి కాన్పుకు ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు కిస్తీ కట్టనక్కర్లేదు. ఆ ఆరు నెలల కిస్తీ సంఘం నిధి నుంచి బ్యాంకుకు కడతాం. పనిలోకి పోయాక ఆమె వడ్డీ లేకుండా సంఘానికి తిరిగి కడుతుంది. బిడ్డ తండ్రి ఎవరని ఎవరూ అడగరాదు." కింద పదిమందీ సంతకాలు పెట్టాలి.