కన్నీళ్లతో పాటు ఒక బీరు ఉచితం

ఇందిరానగర్‌లో ఒక పబ్బు గోడ మీద పోస్టరు. నల్లటి రంగు, మసక వెలుతురు, గిటారు పట్టుకుని తల దించుకున్న కుర్రాడు. పైన తెలుగులోనే (బెంగళూరు గోడ మీద తెలుగు అక్షరం కనిపిస్తే మన కాలు ఎలాగూ ఆగుతుంది) ఇలా ఉంది: "మత్తు నుంచి మాధుర్యం దాకా: ఒక నిజమైన గొంతు ప్రయాణం". కింద టికెట్టు 499. పక్కనే ఎర్రటి వలయంలో, కుర్రాడి పేరు కంటే పెద్ద అక్షరాల్లో: "ఒక బీరు ఉచితం".

ముందుగా నిర్వాహకులకు జోహార్లు. తాగుడు మానుకున్న మనిషి గోడు వినడానికి వచ్చినవాణ్ణి గ్లాసు చేతికిచ్చి కూర్చోబెట్టాలన్న బుద్ధి అందరికీ పుట్టదు. ఇదే ఒరవడిలో షుగరు జబ్బు మీద అవగాహన సదస్సు పెట్టి మైసూర్ పాక్ పంచవచ్చు. హెల్మెట్ వారోత్సవాలకు వచ్చినవాళ్లకు సిల్క్ బోర్డు దాకా ట్రిపుల్ రైడింగ్ ఉచితంగా ఇవ్వవచ్చు.

ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని మన పెద్దలన్నారు. పాపం, వాళ్లకు టికెట్లు అమ్మడం తెలియదు. ఇప్పుడు మారతహళ్లి నుంచి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దాకా తన పాట తనే రాసుకుని పాడే తెలుగు కుర్రాళ్లకు కొదవ లేదు. ఓపెన్ మైక్‌లో పేరు రాయించుకుంటే ఓ ఎనిమిది నిమిషాలు దొరుకుతాయి, అంటే రెండు పాటలు. కానీ పోస్టరుకు ఎక్కాలంటే పాటలు చాలవు, గాథ కావాలి. గాథకు అచ్చు ఒకటే: చిన్న ఊరు, పెద్ద ఊరు, సీసా, వెలుగు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పల్లవి ఇంకా పుట్టలేదు గానీ పల్లవి వెనకున్న పుట్టెడు దుఃఖం మాత్రం అచ్చుకు సిద్ధం.

ఈ గాథలు ఎలా తయారవుతాయో తెలియనివాళ్లు కోరమంగళలో ఒక కాఫీ షాపును ఊహించుకోండి. ఇటు మేనేజరు, ల్యాప్‌టాప్ తెరిచి. అటు పాటగాడు, బుద్ధిగా చేతులు కట్టుకుని.

"కష్టం ఉందా బ్రో?"

"అంటే అండీ?"

"అదే, బ్యాక్‌స్టోరీ. నాన్నగారు ఏం చేస్తారు?"

"ఎల్‌ఐసీలో చేసి రిటైరయ్యారండి."

"పెన్షన్ వస్తుందా?"

"వస్తుందండి."

"అయ్యో." మేనేజరు ముఖంలో సొంత తండ్రి పెన్షన్ ఆగిపోయినంత దిగులు. "పోనీ, ఆకలితో పడుకున్న రాత్రులు?"

"ఆదివారం రాత్రి పీజీలో భోజనం ఉండదని తెలియక ఒకసారి…"

"అద్గదీ! 'ఆకలి రాత్రులు'. బహువచనం. మందు?"

"బీరు పడదండి. తలనొప్పి వస్తుంది."

"గంజాయి?"

"నాకు లేదండి, రూమ్మేట్‌కి ఉండేది."

"'చీకటిని పంచుకున్న గది.' ఇంకేమైనా అలవాటు? ఏదో ఒకటి చెప్పండి బ్రో, మొహమాటపడకండి."

"కాఫీ రోజుకు ఆరేడు తాగేవాణ్ణండి. గ్యాస్ పట్టి రెండుకు తగ్గించాను."

మేనేజరు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. టైపు చేస్తాడు: "ఒక పదార్థానికి బానిసై, శరీరం ఎదురుతిరిగిన ఆ రోజున…" ఏ పదార్థమో రాయనక్కర్లేదు. పాఠకుడు తనకు నచ్చింది పోసుకుంటాడు.

"గిటారు తాకట్టు పెట్టారా?"

"గిటారు తాకట్టు ఎవరు పట్టుకుంటారండీ?"

"అదంతా మీకెందుకు, పెట్టారని రాస్తాను. విడిపించుకున్నారని చివర్లో వస్తుంది. సరే, అయిపోయింది."

"పాటలు మూడున్నాయండి. ఒకటి వినిపించనా?"

"వాట్సాప్‌లో పెట్టండి బ్రో, చూస్తాను."

గిటారు విషయంలో కుర్రాడిదే రైటు. వీధి చివరి కుదువ కొట్టు వాడు తీసుకునేది బంగారం. ఇరవై వేలు పెట్టి కొన్న గిటారు మూడేళ్లకు మెడ వంగి, మీటితే తీగలు ఫ్రెట్లకు (మెడ మీది లోహపు గీతలకు) తగిలి గరగరమంటుంటే సెకండ్ హ్యాండ్‌లో మూడో వంతు పలకడం కష్టం. నిజంగా తాగే ఇంట్లో తాకట్టుకు పోయేది అమ్మ మెడలో గొలుసు, పెళ్లయినవాడైతే భార్య నల్లపూసలు. విలువలో ముప్పావు వంతుకు అటూ ఇటూ చేతికొస్తుంది, వడ్డీ నెల నెలా పెరుగుతుంది, ఒకరోజు వేలం నోటీసు ఇంటికొస్తుంది. ఎన్ని పోస్టర్లు వెతికినా ఆ గొలుసు కనపడదు. అన్నింటిలోనూ గిటారే తాకట్టుకు పోతుంది, గిటారే తిరిగొస్తుంది. గొలుసు తిరిగొచ్చిందా అని మేనేజరు అడగడు.

ఇక ఎవరూ అడగని పాట సంగతి. జీ, డీ, ఈ మైనర్, సీ: కలిపి మోగించే స్వరాల గుంపులు. ఈ నాలుగు కార్డ్‌లు, రెండో ఫ్రెట్ మీద క్యాపో అనే బిగింపు. ఇందులో తప్పేమీ లేదు, లోకంలో సగం పాటలు దీని మీదే బతుకుతున్నాయి. తప్పు మాటల దగ్గర వస్తుంది. ట్యూన్ ముందు కట్టుకుని తెలుగును అందులో కుక్కుతారు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. సాగే స్వరం మీద లఘువు పడితే అది నోట్లో గురువైపోతుంది. అందుకే ఆ పబ్బులో కుర్రాడు కళ్లు మూసుకుని "నా మది" అని పాడితే, స్పీకర్లోంచి "నా మాది" అని వస్తుంది. ప్రేమగీతం కాస్తా పొలం గట్టు తగాదా అయిపోతుంది. దీనికి మందు చాలా చవక: "మది" తీసి "గుండె" పెట్టుకోవడం. సున్న వల్ల మొదటి అక్షరం గురువు, సాగినా మాట విరగదు. రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాలు కూర్చోవడం గురించి ఏ పోస్టరూ వేయరు. "ఇతను పల్లవిని పదకొండుసార్లు కొట్టేసి రాశాడు" అంటే టికెట్టు తెగుతుందా?

బాధే పాట రాస్తుందనేవాళ్లు ఒక్కసారి కంచర్ల గోపన్నను తలుచుకోవాలి. రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు ఉన్నాడని చెప్పుకుంటాం. కష్టం లెక్కన ఇందిరానగర్ మొత్తాన్నీ కొనేయగల సరుకది. ఆ మనిషి "చీకటిలో నేను, నాలో చీకటి" అని మూలగలేదు. రాముడికి బిల్లు వేశాడు. సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణుడికి ఫలానా నగ, దేనికెంత పట్టిందో వరసగా చదివి, ఎవరి సొమ్ముతో కులుకుతున్నావయ్యా అని నిలదీశాడు. నిజాయితీ గల పాట అంటే అలా ఉంటుంది, పద్దుల పుస్తకంలా. మన పోస్టరు కుర్రాళ్ల పాటల్లో మౌనం ఉంటుంది, మేఘం ఉంటుంది, నేస్తం ఉంటుంది, పీజీ అద్దె ఎంతో మాత్రం ఉండదు.

మత్తే కళ అనే మూఢనమ్మకం మన ఒక్కరిది కాదు లెండి. అమెరికాలో చార్లీ పార్కర్ అని శాక్సఫోన్ వాయించే మహానుభావుడు ఉండేవాడు. హెరాయిన్, సారా రెండూ ఉండేవి. ఆయనలా వాయించాలని ఒక తరం కుర్రాళ్లు సూది పట్టారు. ఆయనే ఒకసారి చెప్పాడు, తాను కుర్రతనంలో మూడు నాలుగేళ్లు రోజుకు 11 నుంచి 15 గంటలు సాధన చేశానని. ఆ పదిహేను గంటల్ని మాత్రం అంత ఉత్సాహంగా ఎవరూ అనుకరించలేదు. మత్తులో బాగా వాయిస్తానన్నవాడు పచ్చి అబద్ధాలకోరు అని కూడా ఆయనే అన్నాడు. 1955లో పోయాడు, 34 ఏళ్లు. శవాన్ని చూసిన వైద్యుడు 50 దాటిన మనిషనుకున్నాడు.

మనవాళ్లకు మాత్రం 1953 నాటి దేవదాసు గడ్డం ఇంకా దిగలేదు. అక్కినేని కళ్లు అలా వాలడానికి రాత్రిపూట షూటింగులు పెట్టారు. అది నిద్రమత్తు. మనం సీసా అనుకున్నాం, డెబ్బై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాం.

పోస్టరులో ఒక పొట్టి మాట "నుంచి". మత్తు నుంచి. ఒక్క విభక్తి ప్రత్యయంలో అయిపోయింది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు టక్కున ఆపితే ఆ "నుంచి" ఎలా ఉంటుందో వినండి. చివరి గుక్క పడ్డాక ఆరు గంటలకు చేతులు వణకడం మొదలు. ఆ వేళ్లతో ఏ కార్డూ పడదు. 12 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక, నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది: గోడ మీద లేని పురుగులు పాకుతాయి, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే మనిషి చచ్చిపోతాడు. అందుకే హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్‌లో వ్యసనాల వైద్యానికి ప్రత్యేక కేంద్రమే ఉంది. అలాంటి చోట డయాజెపామ్ జాతి మందులిచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు, బి1 విటమిన్ ఎక్కిస్తారు. నీరసంగా ఉన్నాడని బి1 లేకుండా ముందు గ్లూకోజు బాటిలు పెట్టేస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఇంకా ఘోరం, గోడల మీద రాసుంటుంది చూడండి, "తెలియకుండా అన్నంలో కలిపి తాగుడు మాన్పించవచ్చు" అని. అలా గుట్టుగా కలిపే పొడుల్లో డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, ఆ సంగతి తెలియనివాడు ఆ రాత్రి తాగితే, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. భార్యే విషం పెట్టిందంటారు.

ఆ తర్వాత మళ్లీ తాగుతాడు. చాలామంది తాగుతారు. మళ్లీ మానతాడు. 2011లో ఇంగ్లండ్ గాయని ఎమీ వైన్‌హౌస్ కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టి పోయింది. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 416 మిల్లీగ్రాముల ఆల్కహాలు, అక్కడ బండి నడపడానికి హద్దు 80. వయసు 27. "ఇరవై ఏడేళ్ల క్లబ్బు" అని, ఆ వయసులో పోయిన పాటగాళ్ల వరసకు ఒక ముద్దుపేరు కూడా పెట్టారు, సభ్యత్వం కోసం దరఖాస్తు చేసుకోవాలేమో అన్నట్టు.

అసలు తాగుడుకు బలైన పాటగాళ్లు ఎక్కడున్నారో పోస్టర్లు వేసేవాళ్లకు తెలియదా? వినాయక చవితి నుంచి నవంబరు రాజ్యోత్సవం దాకా ఈ ఊళ్లో వీధి వీధికీ ఆర్కెస్ట్రా. కన్నడ పాట, తెలుగు పాట, తమిళ పాట, అడిగింది వాయించే కీబోర్డు వాళ్లు, రిథమ్ ప్యాడ్ వాళ్లు. పేమెంటు "రేపు చూద్దాం అన్నా". సీసా మాత్రం ఈ రాత్రికే, స్టేజీ వెనకే, అప్పు లేకుండా. కూలి కింద సారా పోసే పద్ధతి ఏ జమీందారీతోనో పోయిందనుకుంటాం. పోలేదు, దానికి సౌండ్ చెక్ వచ్చింది. ఆ ప్యాడ్ వాయించేవాడికి కాలేయం చెడి పోతే మర్నాడు ఇంకొకణ్ణి పిలుస్తారు. అతని మీద ఎవడూ నాలుగు వాక్యాలు రాయడు, ఎందుకంటే అతని కథలో నాలుగో మెట్టు, ఆ వెలుగు, రాలేదు. మిగతా మూడూ నిజంగా ఉన్నాయి. మీకు కావలసింది నిజమే కదా? తీసుకోండి!

పాట రాసినవాడికి పేదరికం తప్పాలని ఎవరికైనా ఉంటే దానికి తోవ ఉంది. 2012లో కాపీరైటు చట్టం సవరించాక రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చేసినా అది చెల్లదు. ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం) సభ్యుడిగా చేరి ప్రతి పాటనూ నమోదు చేయించుకోవాలి, ఎవరి వాటా ఎంతో స్టూడియోలోంచి బయటికి రాకముందే కాగితం మీద పెట్టుకోవాలి. స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లు కూడా మోగని రికార్డింగుకు 2024 నుంచి పైసా రాదన్నదీ గుర్తుంచుకోవాలి. ఫారాలు నింపడం, బ్యాంకు వివరాలు సరిచూడడం. ఏ మేనేజరూ దీన్ని ప్రయాణం అనడు, ఎందుకంటే ఈ తోవలో బార్ కౌంటరు తగలదు.

కౌంటరంటే గుర్తొచ్చింది. మన టీవీల్లో మద్యం ప్రకటన వేయకూడదు. అందుకని మద్యం కంపెనీలు ఏళ్ల తరబడి అదే పేరుతో, అదే బొమ్మతో సోడా, మంచినీళ్లు, చివరికి మ్యూజిక్ సీడీలు కూడా అమ్ముకున్నాయి. ఆ సీడీలు ఏ కొట్టులో దొరికేవో, అందులో ఏ రాగం ఉండేదో కనుక్కున్న రసికుడు ఇంతవరకు తారసపడలేదు. సీసాకు ముసుగు కావలసి వచ్చినప్పుడల్లా పాటే దొరికింది. ఆ పోస్టరులో బీరు వలయాన్ని ఉంచుకోండి, మీ వ్యాపారం మీది. దాని పక్కన అదే సైజులో 14446 అని వేయండి. వ్యసనం మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు అది. ఐదంకెలే, చోటు సరిపోతుంది.

వేయరు. రాత్రి పదికి యాంప్లిఫయర్ ఆపేస్తారు. కుర్రాడు కేబుళ్లు చుట్టుకుని, గిటారు సంచిలో పెట్టుకుని, పర్పుల్ లైన్‌లో చివరి మెట్రో అందుకోవాలనే తొందరలో కౌంటరు దగ్గరికి వస్తాడు. పారితోషికం నెలాఖరుకు అకౌంటులో పడుతుందంటారు. ప్రస్తుతానికి ఆర్టిస్టు మర్యాద కింద రెండు కూపన్లు చేతిలో పెడతారు. వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది: రెండు పెగ్గులకు మాత్రమే. నగదుగా మార్చబడదు. ఈ రాత్రికే చెల్లుతుంది.