చిన్న హాల్లో బొమ్మ పడితే

నిజాం ఏలుబడిలో, 1919లో, హైదరాబాద్‌లో ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లను రిజిస్టరులో ఎక్కించాలని అది ఆదేశించింది. అలా పేరెక్కిన మనిషి చీర కట్టుకుని వీధిలో కనిపించినా, నలుగురి ముందు ఆడినా పాడినా, వినోద ప్రదర్శనలో పాల్గొన్నా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. శిక్ష రెండేళ్ళ దాకా జైలు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

అలా పేరెక్కిన హిజ్రా పదిమంది ముందు ఆడిపాడటమే మొన్నటిదాకా నేరంగా ఉండిన నగరం ఇది. ఇక్కడ ఎల్‌జీబీటీక్యూ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు తదితరుల) దర్శకులు తాము తీసిన లఘు చిత్రాలను ఒక హాలు తీసుకుని, జనాన్ని పిలిచి చూపిస్తున్నారంటే దాన్ని వారాంతపు కాలక్షేపం అనుకోలేను.

తెలుగు తెర ఇలాంటి మనుషులను చూపనే లేదని కాదు, దశాబ్దాలుగా చూపుతూనే ఉంది. చప్పట్లు చరుస్తూ వచ్చే హిజ్రా, వయ్యారంగా నడిచే మగవాడు, వాళ్ళను చూసి హడలిపోయి పరుగెత్తే హాస్యనటుడు. హాలంతా గొల్లుమంటుంది. వెనక వరుసలో కూర్చున్న కుర్రాడొకడు తానూ నవ్వాలి. నవ్వకపోతే పక్కనున్న స్నేహితుడికి అనుమానం వస్తుంది. అలా తనను చూసి తానే నవ్వడం నేర్చుకున్న ప్రేక్షకులు మన ఊళ్ళన్నిటిలోనూ ఉన్నారు. వాళ్ళకు మన సినిమా చేసిన అన్యాయం చిన్నది కాదు.

దీనికి విరుగుడు పెద్ద సినిమాలోంచి వస్తుందని చాలామంది ఆశ. ఒక పేరున్న హీరో అలాంటి పాత్ర వేస్తే చాలునంటారు. నాకు ఆ నమ్మకం లేదు. చరిత్ర మరో దారి చూపుతోంది. 1977 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో, పేజ్ వీధిలోని గే కమ్యూనిటీ సెంటర్‌లో కొందరు స్థానిక యువకులు సూపర్ 8 అనే చిన్న ఫిల్మ్ కెమెరాలతో తీసిన చిన్న చిత్రాలను గోడకు దుప్పటి కట్టి చూపించారు. వాళ్ళలో ఒకడైన డాన్ నికొలెటా కాస్ట్రో వీధిలో గే హక్కుల నాయకుడు హార్వీ మిల్క్ నడిపిన కెమెరా దుకాణంలో పనిచేసేవాడు. మిల్క్ అదే ఏడాది నవంబరులో నగర పాలక మండలికి ఎన్నికయ్యాడు. ఆ దుప్పటి ప్రదర్శనే పెరిగి పెద్దదై ఫ్రేమ్‌లైన్ చిత్రోత్సవంగా నేటికీ నడుస్తోంది.

మన దేశంలోనూ ఇలాగే జరిగింది. దర్శకుడు శ్రీధర్ రంగాయన్ 2003లో తీసిన ‘గులాబీ ఆయినా’ చిత్రానికి సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ నిరాకరించింది. ఆయన అక్కడితో ఆగలేదు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ పెద్దల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదని 2009లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చిన మరుసటి ఏడాది ముంబయిలో కశిష్ అనే ఎల్‌జీబీటీక్యూ చిత్రోత్సవాన్ని మొదలుపెట్టారు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోడినా ఉత్సవం ఆగలేదు. 2018 సెప్టెంబరులో అదే సుప్రీంకోర్టు ఇష్టపూర్వక సంబంధాలను నేరం కాదన్నది. అప్పటికే కశిష్ తెర మీద ఒక తరం తమ మొదటి చిత్రాలను చూసుకుంది. తెర దొరుకుతుందన్న ధీమా ఉంటేనే రెండో చిత్రం తీయాలన్న ధైర్యం వస్తుంది.

యూట్యూబ్ చేతిలో ఉండగా హాలు దేనికని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో అందరూ పడుకున్నాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసి, చూసినట్టు గుర్తు లేకుండా చెరిపేసుకునే చిత్రం ఒకటి. అదే చిత్రాన్ని తనలాంటి యాభై మంది మధ్య కూర్చుని చూడటం వేరు. యూట్యూబ్‌లో చిత్రం కింద బూతులు తిడతారు. హాల్లో అయితే దర్శకురాలు లేచి నిలబడుతుంది, ప్రశ్న అడిగేవాడు ఆమె ముఖం చూసి అడగాలి. మాట దానంతటదే మర్యాదగా వస్తుంది. బిడ్డ బలవంతం మీద వచ్చిన తల్లి మరో తల్లి పక్కన కూర్చునే అవకాశం కూడా అక్కడే ఉంటుంది.

ఇలాంటి చోట ప్రేక్షకులను ఫొటోలు తీయవద్దని ముందే చెప్పడం మామూలు. దాన్ని కొందరు దాపరికమంటారు. ఒక్క ఫొటో వాట్సాప్‌లో సొంత ఊరు చేరితే పెళ్ళిచూపులూ దెబ్బలూ ఎదురుచూస్తున్న పిల్లలకు ఆ నియమమే రక్ష.

నాకున్న అసంతృప్తీ చెప్పాలి. హైదరాబాద్‌లో ఇలాంటి సభలకు తలుపు తెరిచే చోటు అనగానే బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక గుర్తొస్తుంది. 2010 నుంచి అది చేస్తున్న మేలు ఎంత చెప్పినా తక్కువే. కానీ చర్చ ఇంగ్లిషులోకి జారిపోయిందంటే, రైలు పెట్టెల్లో అడుక్కుని బతికే హిజ్రా అక్కడికి వచ్చినా అతిథిగానే మిగిలిపోతుంది. కథ ఆమెది, చర్చ మాత్రం మరొకరిది అవుతుంది. వరంగల్, విజయవాడ, కర్నూలు వంటి ఊళ్ళ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చే స్థోమత అందరికీ ఉండదు. కాలేజీల ఫిల్మ్ క్లబ్బులూ జిల్లా గ్రంథాలయాలూ నెలకొక సాయంత్రం హాలు ఇస్తే ప్రొజెక్టరు అద్దెకు తెచ్చుకోవడం కష్టం కాదు. బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ గానీ, చిత్రోత్సవాలకు కేంద్రం ఇచ్చే మినహాయింపు గానీ కావాలి. ఆ కాగితాల పనిలో చేయి కలపాల్సింది సినిమా తెలిసిన పెద్దలు. అన్నిటికన్నా ముందు, ప్రతి చిత్రానికీ తెలుగు సబ్‌టైటిళ్ళు ఉండాలి, బొమ్మ అయిపోయాక చర్చ తెలుగులో మొదలవ్వాలి.